ఆగకుండా గంటసేపు

నారాయణప్ప ఫ్యూజు పెట్టె మూత తీసి నోటితో ఊదాడు. లేచిన ఎర్రదుమ్ము ఎక్కడికీ పోలేదు, వచ్చి అతని కళ్లద్దాల మీదే వాలింది. అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని, ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి ఎండకు ఎత్తి చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. బాగుంటాయని అతనికి ముందే తెలుసు. ఇద్దరు మెకానిక్కులు చూసి చేతులెత్తేసిన బండిలో ఫ్యూజు పోయి ఉండదు. అయినా మొదట ఫ్యూజు, తర్వాత బ్యాటరీ, ఆ తర్వాతే సెట్టు. నలభై ఐదేళ్లుగా ఆ వరస తప్పలేదు.

రాయదుర్గం నుంచి గుమ్మఘట్టకు పోయే దారిలో, ఊరు అయిపోయి వేరుశనగ చేలు మొదలయ్యే చోట ఉంది అతని రేకుల షెడ్డు. చేలు అనడమే గాని, రెండేళ్లుగా వాటిలో విత్తనం పడలేదు. షెడ్డు మీది బోర్డులో 'రేడియో మరియు ఆటో ఎలక్ట్రికల్' అని రాసి ఉంటుంది. రేడియో అన్న మాట ఎండకు వెలిసిపోయి దగ్గరికొస్తే తప్ప కనిపించదు. దాన్ని చెరిపేసి ఏసీ రిపేరు అని రాయించమని చాలామంది చెప్పారు. నారాయణప్ప సరేనన్నాడు, రాయించలేదు.

అరవై రెండేళ్ల సన్నటి మనిషి. ఎడమచేతి బొటనవేలి మొదట్లో నల్లటి మచ్చ ఒకటుంది. పదిహేడో ఏట బళ్లారిలో రేడియో అంగడిలో పనికి కుదిరిన మొదటి వారంలో సోల్డరింగు కడ్డీ పెట్టిన మచ్చ అది. వరసగా మూడేళ్లు వానలు ఎగ్గొడితే అతని నాయన ఎర్రప్ప కొడుకును తీసుకుపోయి అక్కడ వదిలి వచ్చాడు. ఎర్రప్పకు రేడియో అంటే చెడ్డ కోపం. రోజూ సాయంత్రం వాన కబురు వినేవాడు, రాయలసీమలో అక్కడక్కడ జల్లులు పడతాయని చెప్పగానే ఆ అక్కడక్కడ ఎక్కడుందో చూపించమని రేడియోతో తగువు పెట్టుకునేవాడు. తిట్టిన మనిషే మర్నాడు మళ్లీ సమయానికి దాని ముందు కూర్చునేవాడు. వినకుండా ఉండలేని వాళ్ల కోసమే ఈ పని ఉన్నదని నారాయణప్పకు ఆ వయసులోనే తెలిసింది.

కారు బదరీనారాయణది. గుమ్మఘట్టలో బట్టల అంగడి ఆయనది. పద్దెనిమిదేళ్ల నాటి తెల్ల కారు, దానితో పాటు వచ్చిన రేడియో. రెండు నెలలుగా అది పాడుతూ పాడుతూ ఆగిపోతోంది. ఒకరు ఫ్యూజు మార్చారు, ఇంకొకరు ఏరియల్ మార్చి, ఇది పీకేసి అద్దం తెర ఉన్న కొత్త సెట్టు పెట్టించుకోమన్నారు. నారాయణప్ప కూడా తలుపు దగ్గరే నిలబడి అదే మాట అన్నాడు. కొత్తది పెట్టించుకోరాదా సావుకారీ, అని.

బదరీనారాయణ కారు మీది దుమ్ములో వేలితో గీత గీసి, చెరిపేశాడు.

"కొత్తది ఆదిలక్ష్మికి పలకదు నారాయణప్పా. దాని వేళ్లు మొద్దుబారి పోయినాయి. అద్దం మీద ఎంత ఒత్తినా దానికి తెలీదు. ఈ నాబైతే తనే తిప్పుకుంటాది. ఇంట్లో చెంబు కూడా నేనే ఎత్తిస్తాండా. ఇదొక్కటే తను చేసుకునే పని."

ఆయన భార్య ఆదిలక్ష్మికి కిడ్నీలు పోయి ఏడాది అయింది. మంగళ, గురు, శనివారాలు తెల్లవారక ముందే లేచి అనంతపురం పోవాలి. అక్కడ నాలుగు గంటలు మిషను మీద రక్తం శుద్ధి చేయించుకుని తిరిగి రావాలి. పోను రాను రెండొందల కిలోమీటర్లు దాటుతుంది. నిన్న మంగళవారం ఆమె పోలేదు. కాళ్లు అప్పుడే ఉబ్బాయి, రాత్రంతా దిండుకు ఆనుకుని కూర్చునే ఉంది. రేపు కూడా రాకపోతే ఆ తర్వాత తీసుకొచ్చినా తామేమీ చేయలేమని ఆసుపత్రివాళ్లు ఫోనులో చెప్పేశారు.

ఎందుకు పోలేదని నారాయణప్ప అడిగాడు.

"రేడియో లేని కారు ఎక్కనంటాండాది." బదరీనారాయణ గొంతు తగ్గించాడు. చుట్టుపక్కల వినడానికి ఎవరూ లేరు. "తప్పు నాదే. వచ్చేటప్పుడు తనకు మాట్లాడే శక్తి ఉండదు. కార్లో సద్దు లేకపోతే నాకు ఏడుపొస్తాది. ఆపుకోలేను. అది చూస్తా కూర్చునేదాని కంటే సచ్చేది మేలంటాది."

నారాయణప్ప ఫ్యూజు పెట్టె మూత మూసి, చెప్పులు విడిచి, తువ్వాలు దులిపి ఎడమవైపు సీటులో పరుచుకుని కూర్చున్నాడు.

"చూడని జబ్బుకు నేను మందు యెయ్యను. పదండి, అది యాడ నిలుస్తాదో అక్కడికి పోదాం."

షెడ్డులో అరగంట పెట్టినా రేడియో ఆగదని అతనికి తెలుసు. డాక్టరు ముందు జ్వరం తగ్గిపోయే పిల్లల్లాగా, బాగుచేసేవాడి ముందు యంత్రాలన్నీ బుద్ధిగా ఉంటాయి. గుమ్మఘట్ట దారిలో తారు లేచిపోయిన చోట రేడియో ఒకసారి తడబడింది. కన్నడం స్టేషను ఒకటి అడ్డం వచ్చి పోయింది. ఎనిమిదో కిలోమీటరు దగ్గర వంక మీద కల్వర్టు ఎక్కి దిగగానే చప్పున ఆగిపోయింది.

ఎప్పుడూ ఇక్కడేనని బదరీనారాయణ బండి పక్కకు తీశాడు. ఇక్కడ స్టేషను అందదేమోనని ఒకరు, ఈ వంకలో లారీ పడి మనిషి పోయిన చోటు కదా అని ఇంకొకరు ఆయనకు చెప్పి ఉన్నారు. నారాయణప్ప సెట్టు ముఖంలోకి వంగి చూశాడు. స్టేషను అందకపోతే లోపలి దీపం ఉండాలి, గురగురమని సద్దు రావాలి. ఇప్పుడు దీపమే లేదు. మడిచిన వేళ్లతో డాష్‌బోర్డు మీద తలుపు తట్టినట్టు రెండు సార్లు తట్టాడు. దీపం వెలిగింది, పాట అందుకుంది.

తప్పు స్టేషనుదీ కాదు, పోయిన మనిషిదీ కాదన్నాడు. కారు ఊగినప్పుడు ఎక్కడో ఒక తీగ చెయ్యి వదిలేస్తోంది. అది ఏ తీగో చూడాలి.

షెడ్డుకు తిరిగొచ్చేసరికి కదిరమ్మ అన్నం తెచ్చి స్టూలు మీద పెట్టి కాచుకుని ఉంది. సంగటి ముద్ద, శనక్కాయల ఊరిబిండి పచ్చడి. అతని భార్య కదిరమ్మ ఎప్పుడూ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. పోయిన నెల బళ్లారి డాక్టరు నారాయణప్ప గుండెకు పోయే నరాల్లో రెండు మూసుకుపోయాయని ఫోటో తీసి చూపించాడు. శుక్రవారం వచ్చి చేరమన్నాడు, అంతవరకూ వంగే పనులూ బరువు పనులూ వద్దన్నాడు. ఆ మాటే ఆమె గుర్తుచేసింది. ఇదొక్కటే, రేపు ఎల్లుండి షెడ్డే తెరవనని అతను చెప్పాడు. ఆమె కారును చూసింది, బదరీనారాయణను చూసింది. ఆదిలక్ష్మి ఎట్లుందని అడిగి, జవాబు విని, భర్త తినేదాకా ఉండి ఖాళీ గిన్నెలు తీసుకుని పోయింది.

అతని దగ్గర మీటర్లు రెండున్నాయి, కాని నమ్మకం టెస్టు లైటు మీదే. చిన్న బల్బుకు రెండు తీగలు కట్టి తనే చేసుకున్నది. ఒక కొస బ్యాటరీ ప్లస్సుకు తగిలించి రెండో కొస సెట్టు ఒంటికి ఆనించాడు. బల్బు వెలిగింది. బదరీనారాయణను పిలిచి కారును పక్కల నుంచి ఊపమన్నాడు. ఆ పెద్దమనిషి పంచె ఎగగట్టి, అంగడి గల్లా ముందు తప్ప ఎక్కడా వంగని నడుం వంచి ఊపాడు. మూడో ఊపుకు బల్బు ఆరిపోయింది. కరెంటు వస్తోంది, తిరిగి పోయే దారే తెగుతోందని నారాయణప్పకు అర్థమైంది. ఎర్తు తీగ. గుండెలో ఏదో కుదురుకున్నట్టయింది. జబ్బు పేరు తెలిస్తే సగం పని అయినట్టే, మిగతా సగం ఓపిక.

సీటు వెనక్కి జరిపి, కింద గోనెపట్టా పరిచి, వెల్లకిలా పడుకుని తల డాష్‌బోర్డు కిందికి దూర్చాడు. కారు లోపల పొయ్యిలో ఉన్నట్టుంది. టార్చి వేసి తీగల వెంబడే చూసుకుంటూ పోయాడు. నల్ల తీగ ఇనుప పట్టీకి మరతో బిగించే చోటికి వచ్చి చెయ్యి ఆపాడు.

తీగకు పసుపు కొమ్ము కట్టి ఉంది.

పసుపు దారం ఐదు పేటలు, మీద ఎండిన కుంకుమ. కొమ్ము నడిమి వేలంత లావుంది. కారు కుదిపినప్పుడల్లా అది ఊగి తీగను లాగుతోంది. ఆర్నెల్ల ఊగులాటకు తీగ కొసన ఉన్న రేకు వదులైంది, పసుపు నీళ్లు దిగిన చోట పచ్చగా చిలుము పట్టింది.

ఎవరు కట్టారో అడగాల్సిన పని లేదు. దసరాకు ఆయుధపూజ నాడు సావుకార్ల ఇళ్లలో కూడు పెట్టే ప్రతి వస్తువుకూ పసుపు కొమ్ము కడతారు. తక్కెడకు, గజం కడ్డీకి, ఇనప్పెట్టెకు, కారుకు. కారుకైతే స్టీరింగు కింది గొట్టానికి కట్టాలి. నిరుడు దసరా నాటికి ఆదిలక్ష్మి అప్పుడే మిషను మీద పడింది. అటువైపు వంగి కట్టలేక తన సీటులో కూర్చునే, కిందికి చెయ్యి పెట్టి, మొద్దుబారిన వేళ్లకు ఏది అందితే దానికి కట్టి ఉంటుంది. తనను రాత్రీ పగలూ తిప్పే మనిషి క్షేమంగా ఉండాలని మొక్కి మరీ కట్టి ఉంటుంది. ముడి మీద ముడి, మొత్తం ఏడు వేసింది.

జేబులో కటింగ్ ప్లయరు ఉంది. ఒక్క నొక్కు నొక్కితే అయిపోయే పని. నారాయణప్ప దాన్ని బయటికి తీసి, చూసి, పక్కన పెట్టేశాడు. మొక్కి కట్టిన దారాన్ని ఇనుముతో కోయకూడదు. విప్పాలి, లేదా దానంతట అది తెగాలి. ఇంట్లో నాయన చెప్పింది అంతే. దేవుడి సంగతి ఎట్లున్నా, బతకాలని చూస్తున్న మనిషి వేసుకున్న ముడిని కోయడానికి అతనికి చెయ్యి రాలేదు.

గోళ్లతో మొదలుపెట్టాడు. దారం పసుపు తాగి కట్టెలాగా గట్టిపడి ఉంది. ఒక ముడి వదలడానికి పది నిమిషాలు పట్టింది. చేతులు తలకంటే పైన ఉండటంతో ఎడమ భుజం లాగింది, తర్వాత మోచేయి దాకా తిమ్మిరి పాకింది. ఒకసారి బయటికొచ్చి నాలుక కింద మాత్ర పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఏమైందని బదరీనారాయణ అడిగితే లోపల ఉడుకుగా ఉందన్నాడు. దొరికిందా అని అడిగితే దొరికిందన్నాడు. మళ్లీ లోపలికి దూరాడు. నాలుగు ముడులు విప్పాడు. ఐదో ముడి దగ్గర దారం దానంతట అదే పుటుక్కున తెగి కొమ్ము అతని ఛాతీ మీద పడింది. నేను కోయలేదు తల్లీ, అని లోపలే అనుకున్నాడు.

మిగతాది చేతులకు తెలిసిన పని. చిలుము గీకాడు, కొత్త రేకు తొడిగి సోల్డరింగు పెట్టాడు, పట్టీని ఉప్పుకాగితంతో రుద్ది మర బిగించాడు. తర్వాత కొమ్మును తీసుకుని స్టీరింగు గొట్టం దగ్గరికి జరిగాడు. దారం తునకలైపోయింది. షెడ్డులో దారం లేదు, ఉన్నవన్నీ తీగలే. నల్ల తీగ జానెడు కోసి కొమ్మును గొట్టానికి చుట్టి బిగించాడు. ఆ కట్టు కదలకుండా కుదిరేదాకా కొంచెం సేపు దాని మీదే వేళ్లు ఆడించాడు.

లేచి నిలబడేసరికి షెడ్డు తిరిగినట్టయింది. బదరీనారాయణ చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమయ్యిందప్పా దానికి? ఎవురు చేసిన తప్పు?"

"ఎవురి తప్పూ లేదు సావుకారీ. ఎర్తు వదులైంది. రోడ్డు తప్పు."

అబద్ధం చెప్పడం నారాయణప్పకు చేతకాదు. అందుకే తల వంచుకుని సామాను పెట్టెలో సర్దుతూ చెప్పాడు. తన ముడి వల్లే రేడియో ఆగిందని తెలిస్తే ఆమె ఇక దేనికి మొక్కుతుంది?

పనికి తీసుకోవాల్సింది తీసుకున్నాడు, కాని తాళం చెవి ఇవ్వలేదు. ఆగకుండా గంటసేపు పాడాలి, అప్పుడుగానీ బండి వదలనన్నాడు. ఇది అతని షెడ్డులో పాత నియమం. ఈ నియమం వల్ల తొందర పడేవాళ్లు చాలామంది వేరే చోటికి పోయారు, పోయినవాళ్లలో కొందరు తిరిగొచ్చారు. బదరీనారాయణను ఎదురుగా ఉన్న హోటల్లో టీ తాగి రమ్మని పంపి, ఇంజను ఆన్ చేసి, చెప్పులు విడిచి, తను ఎడమవైపు సీటులో కూర్చున్నాడు. తలుపు తెరిచే పెట్టుకున్నాడు. నాబు తిప్పాడు. అనంతపురం వచ్చింది.

రైతుల కార్యక్రమం నడుస్తోంది. ఎవరో కందిలో పురుగు గురించి నెమ్మదిగా చెబుతున్నాడు. నారాయణప్ప అప్పుడప్పుడు కాలితో నేలను తన్ని కారును ఊపుతున్నాడు. రేడియో చెక్కుచెదరలేదు. బయట చేలలో సుడిగాలి ఒకటి లేచి ఎర్రగా నిలబడి అక్కడే కూలిపోయింది. కదిరమ్మకు ఫోను చేసి శుక్రవారానికి బట్టలు సర్దమని చెబుదామనుకున్నాడు. ఫోను చొక్కా జేబులోనే ఉంది, చెయ్యి అక్కడిదాకా ఎత్తడానికి బద్ధకమైంది. ఇంకో రెండు నిమిషాలు ఆగి చేద్దాంలే అనుకున్నాడు. కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. పాట ఒకటి వచ్చి పోయింది. వాతావరణం చెప్పే ఆడమనిషి గొంతు రాయలసీమలో అక్కడక్కడ తేలికపాటి జల్లులు పడవచ్చని చెప్పింది. అతని పెదవులు నవ్వబోయినట్టు కదిలాయి. కాలు మరోసారి నేలను తన్నలేదు.

బదరీనారాయణ వచ్చి చూశాడు. ముసలాయన నిద్రపోయాడనుకున్నాడు. పొద్దున్నుంచి అంత కష్టపడిన మనిషిని లేపడానికి మనసొప్పక స్టూలు లాక్కుని షెడ్డు నీడలో కూర్చున్నాడు. రేడియో పాడుతూనే ఉంది. రెండు నెలల తర్వాత మొదటిసారి ఆయన మనసు నిమ్మళించింది. గడియారం చూసుకున్నాడు. గంట నిండాక లేచి వెళ్లి, నారాయణప్పా, గంటయింది, అని భుజం మీద చెయ్యి వేశాడు.

ఆ సాయంత్రం గుమ్మఘట్టలో బదరీనారాయణ ఇంట్లో చుట్టాలు చేరి మాట్లాడుకున్నారు. మనిషి ప్రాణం పోయిన కారు. పదకొండు రోజులు బయటికి తియ్యకూడదు, శాంతి చేయించాలి, అందులోనూ జబ్బుమనిషిని ఎక్కించకూడదు. ఇంకో కారు మాట్లాడతానని బదరీనారాయణ ఫోను తీశాడు. ఆదిలక్ష్మి దిండ్ల మధ్య నుంచి అందరి మాటలూ విన్నది. ఆమెకు ఊపిరి అందడం లేదు, మాట విడివిడిగా వచ్చింది.

"వేరే కారు వద్దు. ఆ కార్లోనే పోతా. ఆయన్న కూర్చున్న సీట్లోనే కూర్చుంటా."

బదరీనారాయణ ఫోను పక్కన పెట్టేశాడు. పోనంటున్న మనిషి పోతానన్నది, అంతకంటే ఆయనకు కావలసింది లేదు.

గురువారం తెల్లారుతుండగా బయల్దేరారు. ఆదిలక్ష్మి తనే నాబు తిప్పింది. ఆ వంక దగ్గర కల్వర్టు ఎక్కేటప్పుడు ఇద్దరూ రేడియో వైపే చూశారు. కారు ఎక్కి దిగింది. సుప్రభాతం ఆగలేదు. బదరీనారాయణ అప్పుడు ఏడ్చాడు, పాట చాటున. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ ఏడవనిచ్చింది.

రాయదుర్గంలో నారాయణప్ప ఇంటి ముందు షామియానా వేసి ఉంది. ఆదిలక్ష్మి దిగలేనంది. బదరీనారాయణ లోపలికి పోయి దండం పెట్టుకున్నాడు. ఆయన వెనకే కదిరమ్మ రోడ్డు దాకా నడిచి వచ్చి కారు అద్దం దగ్గర నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి గాని తడి లేదు. లోపల సన్నగా రేడియో వినిపిస్తోంది. బదరీనారాయణ కంగారుగా దాన్ని కట్టెయ్యబోతే కదిరమ్మ వద్దని చెయ్యి అడ్డం పెట్టింది.

"నిలవలేదు కదమ్మా, దారిలో?"

"లేదక్కా. యాడా నిలవలేదు."

కదిరమ్మ తల ఊపింది. చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని వెనక్కి తిరిగింది.

కళ్యాణదుర్గం దారి పట్టాక ఆదిలక్ష్మి అలవాటుగా చెయ్యి కిందికి పెట్టి డాష్‌బోర్డు అడుగున తడిమింది. దసరా నుంచి ప్రతిసారీ ఆసుపత్రికి పోయేటప్పుడు ఆమె ఆ పసుపు కొమ్మును తాకి దండం పెట్టుకునేది. భర్తకు కూడా చెప్పలేదు. ఈసారి చేతికి తీగ ఒక్కటే తగిలింది. కదలకుండా బిగుతుగా ఉంది. కొమ్ము లేదు. ఆమె వంగి అటూ ఇటూ వెతికింది.

భర్త మోకాళ్ల పైన, స్టీరింగు గొట్టానికి కనిపించింది. నిన్నటిదాకా అది ఎక్కడ ఉండేదో, ఇప్పుడు ఎక్కడ ఉందో, రేడియో ఎందుకు ఆగేదో, ఎందుకు ఆగడం లేదో ఆమెకు ఒక్కసారిగా తెలిసిపోయింది. ఎర్తు వదులైందట, రోడ్డు తప్పట, అని నిన్న బదరీనారాయణ చెప్పిన మాటలు గుర్తొచ్చాయి. తన వల్లే అని గొంతు దాకా వచ్చింది. చెప్పాల్సిన మనిషి లేడు. ఆమె సూది గుచ్చులతో నల్లబడిన చేతిని చాపి, భర్త చూస్తుండగానే, కొమ్ము మీద పెట్టింది.

దానిచుట్టూ నల్ల తీగ రెండు చుట్లు తిరిగి ఉంది. తాకేవాళ్ల చేతికి గుచ్చుకోకుండా దాని రెండు కొసలూ లోపలికి మడిచి ఉన్నాయి.